తల్లి కలత - బిడ్డ మెదడు

గర్భవతి మనస్సును కష్టపెట్టరాదని పెద్దలు చెబుతారు. ఇందులో నిజమెంతో తేల్చుట శాస్త్రజ్ఞులకు సులభము కాలేదు. దిగులుపడు తల్లికి పుట్టిన బిడ్డలో లోపము కనిపించినచో, దానికి కారణము గర్భస్థ దశయా, వంశపారంపర్యమా, పెంపకమా?

1998 జనవరిలో కెనడాలోని క్వెబెక్ రాష్ట్రమున, పడిన చోటనే గడ్డకట్టెడి వాన కురిసి విద్యుత్తు స్తంభములు కూలిపోయినవి. సుమారు 30 లక్షల మందికి కొన్ని గంటలు మొదలు 5 వారాలకు పైగా విద్యుత్తు లేదు. ఎవరి ఇంట ఎన్నాళ్ళు చీకటియో తల్లుల స్వభావమును బట్టి జరిగినది కాదు గదా! అందుచేత వంశపారంపర్య ప్రభావమును వేరుచేసి చూచుటకు వీలు కలిగినది. నాడు గర్భవతులైన వారి పిల్లలను సుజాన్ కింగ్, ఆమె సహచరులు ఏళ్ళ తరబడి పరీక్షించారు. తల్లి పడిన ఇబ్బంది పెరిగినకొద్దీ, 2 ఏళ్ళ వయస్సునను, 5½ ఏళ్ళ వయస్సునను బిడ్డల బుద్ధి, భాషా పరీక్షల ఫలితములు సగటున తగ్గినవి.

కలత కలిగినప్పుడు తల్లి ఎడ్రినల్ గ్రంథులు కార్టిసోల్ అను హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. మాయలోని ఒక ఎంజైము అందులో చాల భాగమును పనిచేయని కార్టిసోనుగా మార్చి బిడ్డను కాపాడుతుంది. తల్లి తీవ్రమైన కలతకు గురియైనప్పుడు ఈ కాపలా సడలునని ఎలుకలలో తెలిసినది.

మరి తల్లికి మందు ఇచ్చినచో? ఫ్లూయోక్సెటిన్ వంటి మందులు, నాడీకణములు విడుదల చేసిన సెరొటోనిన్‌ను అవే తిరిగి పీల్చుకొనకుండ ఆపుతాయి. పెద్దవారిలో సెరొటోనిన్ నాడీకణముల మధ్య వార్తాహరి. ఎదుగుచున్న మెదడులో అది కణముల అమరికకు కూడ తోడ్పడుతుంది. 2004లో ప్రచురించిన ప్రయోగములో, చుంచెలుక పిల్లలకు పుట్టిన 4వ రోజు నుండి 21వ రోజు వరకు ఈ మందు ఇచ్చి ఆపివేశారు. అవి పెద్దవైన పిమ్మట బెదురు స్వభావము చూపినవి. అయితే 2011లో వెలువడిన మరొక ప్రయోగములో, గర్భములోనే కలత ప్రభావమునకు లోనైన ఎలుక పిల్లలకు తల్లి ద్వారా ఇదే మందు అందినది. వాటి మెదడులోని హిప్పోకాంపస్ భాగములో తగ్గిన కొత్త నాడీకణముల ఉత్పత్తి తిరిగి కోలుకొన్నది.

అనగా మందు ఫలితము, అది చేరిన మెదడు అప్పటికే ఉన్న స్థితిపై ఆధారపడుతుంది. ఎలుకకు జరిగినదెల్ల మనిషికి జరుగునని చెప్పరాదు. 2017లో ప్రచురించిన స్వీడన్ పరిశీలనలో, ఒకే తల్లి బిడ్డలను పోల్చి చూడగా, మందుకును ఆటిజమునకును మొదట కనిపించిన సంబంధము నిలువలేదు; నెలలు నిండక పుట్టుటతో స్వల్ప సంబంధము మాత్రము మిగిలినది.

కనుక మందును "ఏమీ లేకపోవుట"తో కాక, చికిత్సలేని వ్యాధితో పోల్చవలెను. గర్భవతి భయపడి మందును తనంత తాను హఠాత్తుగా మానరాదు. వైద్యుని సలహాతోనే నిర్ణయించుకొనవలెను. తల్లికి ఊరట కలిగించుట బిడ్డ సంరక్షణలో భాగమే.