బార్కసు వాకిట ఛాయాచిత్రకారులు

మన యిండ్లలో పెండ్లినాటి ఫొటో లేని గోడ యుండుట అరుదు. అత్తగారి యౌవనము, తాతగారి తలపాగా, పసిబిడ్డ మొదటి నవ్వు - ఇవన్నియు ఆ చట్రములలో భద్రముగా నిలిచియున్నవి. కాని సోదరీమణులారా, ఆ బొమ్మలను తీసిన దెవరని మన మెన్నడైన నాలోచించితిమా? తరతరములుగా స్త్రీ బొమ్మలో నిలుచుటయు, పురుషుడు కెమెరా వెనుక నిలుచుటయు ఆచారమైపోయినది. చేతిఫోనులు వచ్చిన పిమ్మట ఈ యేర్పాటు కొంత మారినది గాని, కెమెరా యని పేరుపెట్టి కొన్న వస్తువు నేటికిని చాల యిండ్లలో అన్నదమ్ములదో భర్తదో యగుచున్నది. ఈ నెల మేము ఛాయాచిత్రకారుల సంఘములను గూర్చియు, వారి పోటీలను గూర్చియు, హైదరాబాదు పాతబస్తీలోని బార్కసులో మాకు గలిగిన యొక యనుభవమును గూర్చియు వ్రాయదలచితిమి.

సంఘములు, పోటీలు

1839 ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరమున డాగెర్ కనిపెట్టిన ఛాయాగ్రహణ విధానమును లోకమునకు వెల్లడించిరి. పదునైదేండ్లు గడచునప్పటికే, అనగా 1854లో, బొంబాయిలో ఛాయాచిత్రకారుల సంఘ మొకటి వెలసినది. మరి రెండు మూడేండ్లకు కలకత్తాలోను, మద్రాసులోను అట్టి సంఘములు పుట్టినవి. బ్రదుకుతెరువునకు బొమ్మలు తీయువారే గాక, వైద్యులు, ఇంజనీర్లు, ఉద్యోగులు కేవలము మక్కువచే ఈ విద్య నభ్యసించిరి. ఇట్టివారినే ఔత్సాహికు లందురు.

ఈ సరదా స్త్రీలకు దూరమని తలపరాదు. త్రిపుర మహారాజగు వీరచంద్ర మాణిక్య (మరణము 1896) అగర్తలా నగరులో కెమెరా క్లబ్బును నెలకొల్పి చిత్రప్రదర్శనములు జరిపించెను. ఆయన రాణి మన్మోహినీదేవి తానును కెమెరా పట్టి చిత్రములు తీయుటయే గాక, వానిని కడిగి అచ్చువేయు పనియు నేర్చెను. అంతఃపురమున నుండియే ఆమె యంతటి విద్య గడించినప్పుడు, వీధిలోనికి స్వేచ్ఛగా బోగల మనకు అడ్డేమి?

నేటి సంఘముల పని సామాన్యముగా మూడు విధములు. అప్పుడప్పుడు కూడి ఒకరి చిత్రముల నొకరు విమర్శించుకొనుట మొదటిది. సెలవుదినమున అందరును గలిసి ఒక పేటకో, కోటకో, చెరువుగట్టునకో పోయి చిత్రములు తీయుట రెండవది. పోటీలు పెట్టుట మూడవది. హైదరాబాదులో ఈ శతాబ్దమున హైదరాబాద్ వీకెండ్ షూట్స్ వంటి బృందములు ఏర్పడి, వారాంతపు విహారములను నగరమునకు బాగుగా పరిచయము చేసినవి.

పోటీల పద్ధతి తెలిసికొనదగినది. చిత్రకారుని పేరు తెలియనీయక, చిత్రమును మాత్రమే న్యాయనిర్ణేతల యెదుట నుంతురు. సామాన్యముగా ముగ్గురు నిర్ణేతలు వేర్వేరుగా మార్కులు వేయుదురు. ఆ మొత్తమునుబట్టి ప్రదర్శనకు దగినవానిని, బహుమతికి దగినవానిని ఏర్పరతురు. నలుపుతెలుపు, రంగులు, ప్రకృతి, యాత్ర, వార్తాచిత్రము అని శాఖలుండును. 1950లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్యయు, 1953లో ఏర్పడిన మన దేశపు సమాఖ్యయు ఇట్టి పోటీలకు నియమము లేర్పరచి, వానియందు రాణించినవారికి బిరుదు లిచ్చుచున్నవి.

ఈ నియమములలో ఒకటి మాకు మిక్కిలి నచ్చినది. ప్రకృతిచిత్రములు తీయువారు పాటింపవలసిన మర్యాదలలో, చిత్రము కంటె ప్రాణి క్షేమము ముఖ్యమను సూత్ర మున్నది. గూటిలోని పక్షిని బెదరించి తీసిన బొమ్మ యెంత అందమైనను నింద్యమే. చాల మంచిమాట. కాని వీధిలో నడచు స్త్రీ బెదరినచో నేమి? ఆ ప్రశ్న మాకు బార్కసులో నెదురైనది.

బార్కసులో ఒక యుదయము

చాంద్రాయణగుట్ట సమీపమున నున్న బార్కసు పేరు వినగానే హైదరాబాదువారికి జామపండ్లు జ్ఞప్తికి వచ్చును. రంజానునెలలో హరీసు, విందులకు మందీ యను అన్నమును ఈ పేటకు పేరు దెచ్చినవి. సైనికులు నివసించు కొట్టములను ఇంగ్లీషువారు బ్యారక్సు లనిరి. ఆ మాటయే ప్రజల నోట బార్కసు అయినది. నిజాము సైన్యములో కొలువు చేయుటకై యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతమునుండి వచ్చిన అరబ్బుల సంతతివారు ఇచట స్థిరపడిరి. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరిన తరువాత ఆ కొలువులు పోయినవి; కాని పేరు నిలిచినది, ఆచారములును చాలవరకు నిలిచినవి. రంగురంగుల లుంగీలు ధరించిన వృద్ధులు, అరబ్బీ పలుకులు కలిసిన ఉర్దూ, వీధివెంట పండ్ల రాసులు - ఇవి ఛాయాచిత్రకారులను మిక్కిలి ఆకర్షించును.

ఒక చలికాలపు ఆదివారము ఉదయమున మేము నొక ఔత్సాహిక బృందముతో అచటికి బోయితిమి. పదిమందిలో మేము గాక మరియొక సోదరి మాత్రమే యుండెను. జామపండ్ల బండియొద్ద నల్లని బురఖా ధరించిన యొక స్త్రీ పండ్లను ఏరుచుండెను. పచ్చని పండ్ల రాసిపై ఏటవాలుగా ఎండ పడుచుండెను. బృందములోని యువకుడొకడు కెమెరా నెత్తి వెంటవెంటనే నాలుగైదు బొమ్మలు తీసెను. ఆమె ఆ చప్పుడు విని, ముఖము త్రిప్పుకొని, ఏరిన పండ్లను విడిచి వెడలిపోయెను. "నా బేరము పోగొట్టితిరి" అని బండివాడు సణిగెను. ఎవరును బదులు చెప్పలేకపోయిరి.

అంతలో ప్రక్క వాకిలి తెరచాటునుండి ఒక వృద్ధురాలు మమ్ము బిలిచెను. "బేటీ! ప్రతి చలికాలమును ఎవరో యొకరు వచ్చి తస్వీరులు దీసికొని పోవుదురు. ఒక్కటైనను తెచ్చి మా చేతిలో బెట్టినవారు లేరు. అవి యెచటికి బోవును?" అని యడిగెను. ప్రదర్శనలకు, పోటీలకు బోవునని మేము చెప్పితిమి. ఆమె కొంచె మాలోచించి, "నా మనుమరాండ్రతో నా తస్వీరు దీసెదవా? మగవారు బయట నుండవలెను" అనెను.

మేము లోనికి బోయితిమి. గది చీకటిగా నుండెను. మేము దీపము వేయక, లోవాకిలి తలుపు తెరచి, ఆమెను వెలుతురునకు కొంచెము ప్రక్కగా కూర్చుండబెట్టితిమి. పిల్లలిద్దరును ఆమె భుజముల నానుకొని నిలిచిరి. రెండువారముల పిమ్మట ఆ బొమ్మను అచ్చువేయించి తీసికొనిపోగా, ఆమె దానిని కన్నులకు దగ్గరగా బెట్టుకొని, మొట్టమొదట చిన్నదాని జడ సరిగా లేదని మందలించెను! తరువాత బొమ్మను చీరకొంగుతో తుడిచి అలమరలో నుంచుకొనెను. "ఇది యింటిలో నుండుటకే" అని మాకు గట్టిగా చెప్పెను. కావున ఆ చిత్రము ఏ పోటీకిని బోలేదు. ఈ పుటలలోను లేదు.

నూరేండ్ల క్రిందటి గోడలు

ఇంటికి మరలుచు మేము రాజా దీనదయాళును తలచుకొంటిమి. 1844లో జన్మించిన ఆయన మొదట ఇందూరులో ప్రభుత్వపు పనుల శాఖ యుద్యోగి. 1874లో మక్కువచే కెమెరా పట్టిన ఔత్సాహికుడే. తరువాత ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానమున ఛాయాచిత్రకారుడై, దేశమంతట కీర్తి వహించెను. ఆయన 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీల కొరకై ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియో తెరచెను. చుట్టును ఎత్తైన గోడలు. లోపల కెన్నీ లెవిక్ అను దొరసాని కెమెరా పట్టునది. ఆమెకు సాయపడువారును స్త్రీలే. పరదా యున్నదని స్త్రీలకు బొమ్మలు నిషేధింపలేదు, బొమ్మల కొరకు పరదాను త్రోసివేయను లేదు. కెమెరా వెనుకకు స్త్రీని దెచ్చుటతో చిక్కు విడిపోయినది. నూరేండ్లు దాటిన పిమ్మట బార్కసులోని వృద్ధురాలు మమ్ము కోరినదియు అదియే గదా!

తరువాతి సమావేశమున ఆ యువకుడు తన చిత్రమును తెరపై జూపెను. అది నిజముగా అందమైనదే. "వీధి యందరిది; అడిగి తీసినచో సహజత్వము పోవును. పాతకాలపువారు ఇట్లు తీయకున్నచో నేడు మనకు చరిత్ర యెచటిది?" అని కొందరు వాదించిరి. ఈ వాదమును మేము త్రోసివేయజాలము. సంతలు, పండుగలు, వీధులు బొమ్మలలో నిలువవలసినవే. కాని ముఖము త్రిప్పుకొనుట కూడ ఒక సమాధానమే గదా, దానిని వినవలదా యని మేమడిగితిమి. చాలసేపటివరకు చర్చ తెగలేదు. కడపట ఆ యువకుడే, "దీనిని పంపను" అని తెరనుండి తొలగించెను.

మన మేమి చేయవచ్చును?

మొదట చట్టము తెలిసికొందము. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము సామాన్యముగా బొమ్మ తీసినవారికే దానిపై మొదటి హక్కు. అయితే మనము రుసుమిచ్చి, మన కోరికపై తీయించుకొన్న ఫొటోకు, వేరే యొడంబడిక లేనియెడల, మొదటి హక్కు మనదే. స్టూడియోవారు కాగితముపై సంతకము కోరినచో చదివి మరి చేయవలెను. పోటీలకు చిత్రములు పంపువారును, ఆ చిత్రముల నెట్లు వాడుకొందురో నియమపత్రములో చూచుకొనవలెను. వీధిలో తీయబడిన స్త్రీకి తన బొమ్మపై ఇట్టి కాపీరైటు లేదు. చట్టము ఆమె చేతికి హక్కు నీయని చోట చిత్రకారుని మర్యాదయే ఆమెకు దిక్కు.

ఇక సంఘము. పేటలో ఐదుగురు స్త్రీలు కూడిన చాలును. విలువైన కెమెరా లేకున్నను చేతిఫోను చాలును. నెలకొక విషయము నెన్నుకొనుడు: వంటింటి వెలుతురు, అమ్మ చేతులు, సంతనాటి గంప, పండుగ మరునాటి యిల్లు. ఒక్కొక్కరు మూడు చిత్రములకు మించక తేవలెను. పేర్లు దాచి, బల్లపై పరచి, అందరును మార్కులు వేయవచ్చును. బార్కసులో నేర్చిన రెండు నియమములను మాత్రము చేర్చుడు: బొమ్మలోని మనిషి యొప్పుకొననిది పోటీకి రాదు, బొమ్మ తీసినచో ఒక ప్రతి ఆ మనిషి యింటికి చేరవలెను. అచ్చువేయించుటకు పెద్ద వ్యయము కాదు.

మా మట్టుకు మేము బహుమతి గెలువలేదు. కాని జడ సరిచేసి మరియొక తస్వీరు తీయవలెనని ఆ వృద్ధురాలు మరల కబురంపినది. వచ్చు జామపండ్ల కాలమున పోవలసియున్నది.