బర్గరు - పేరు, పుట్టుక, పాకము

పట్టణములందు చదువుకొను మన మనుమలు సెలవులకు వచ్చినప్పుడు బర్గరు మాట యెత్తుటయు, "అందులో నేమి మాంసముండునో!" యని యింటిలోనివారు కలవరపడుటయు నేనెరుగుదును. నేను దానిని రుచిచూచినవాడను గాను. శబ్దము వెంటబోయి వస్తువు నెరుగుట మాత్రము నాకలవాటు. కావున ముందుగా పేరును విచారింతము.

జర్మనీ దేశమున ఎల్బు నదీతీరమున హాంబుర్గు అను రేవుపట్టణము కలదు. ఆ భాషలో 'బుర్గు' అనగా కోట. మన రాయదుర్గము, కల్యాణదుర్గము అను పేళ్లలో దుర్గశబ్దమెట్టిదో యిదియు నట్టిదే. ఆ పట్టణమునకు సంబంధించినది హాంబర్గరు. గాంధారరాజపుత్రిక గాంధారి యైనట్లు ఇదియు తద్ధితరూపమే. అయితే ఇంగ్లీషున 'హామ్' అనగా ఉప్పులో నిలువచేసిన పందితొడ మాంసము. అందుచే జనులు హామ్, బర్గర్ అని మాటను రెండుగా విరిచిరి. నిజమునకు అమెరికా హాంబర్గరులో నుండునది పందిమాంసము గాదు, గోమాంసము. తప్పువిరుపువలన తెగిన తోక తానే యొక మాటయై, చికెన్ బర్గరు, చీజు బర్గరు, వెజ్ బర్గరు అని సంతానము గన్నది.

ఇట్టి వింత మనకు క్రొత్త గాదు. ఋగ్వేదమున అసురశబ్దము వరుణాది దేవతలకును విశేషణము. తరువాతివారు అందలి అకారమును నిషేధార్థకముగ దలచి, దానిని తొలగించి, దేవతలకు సురలను పేరు కల్పించిరని భాషాశాస్త్రజ్ఞు లందురు. సురశబ్దమునకును బర్గరునకును మార్గమొక్కటే యనినచో మా గురువులు నవ్వెదరో, కోపించెదరో!

19వ శతాబ్దమున హాంబుర్గు రేవునుండి వేలకొలది జనులు ఓడలెక్కి న్యూయార్కు చేరిరి. కొట్టి మెత్తచేసిన మాంసపుబిళ్ల అచ్చటి భోజనశాలలలో హాంబర్గు స్టేకు అను పేర వెలసెను. దానిని రొట్టెనడుమ నుంచిన ఘనత యెవరిదన్న వివాదము నేటికిని తీరలేదు. 1885లో మావాడేయని విస్కాన్సిన్ రాష్ట్రపు సీమోరు గ్రామస్థులును, 1900లో మావాడేయని న్యూహేవెన్ పురవాసులును వాదింతురు. 1921లో విచిటా నగరమున వైట్ కాసిల్ అను అంగడి యొక్కొక్కటి అయిదు సెంట్లకు అమ్మసాగెను. 1948లో కాలిఫోర్నియాయందు మెక్డొనాల్డు సోదరులు తమ వంటశాలను యంత్రాగారమువలె దిద్ది, క్షణములలో వడ్డించు పద్ధతి నెలకొల్పిరి. ఆ పేరిటి సంస్థ 1996లో ఢిల్లీకి వచ్చినపుడు గోమాంసమును, పందిమాంసమును విడిచియే అంగడి తెరచెను. అంగళ్లన్నియు నొక్కతీరున నుండవు. పేరునుబట్టి లోపలి పదార్థము తెలియదు గనుక అడిగియే తెలిసికొనవలెను.

ఇక పాకము. మైదాపిండిని పులియబెట్టి కాల్చిన గుండ్రని బన్నును అడ్డముగ కోసి, కోసిన ముఖములను పెనముమీద వేడిచేయుదురు. సన్నగా తరిగిన మాంసములో అయిదవవంతు కొవ్వుండిన బిళ్ల ఎండిపోదు. ఉప్పు ముందే కలిపినచో బిళ్ల గట్టిపడును గాన పెనముపై వేయబోవు క్షణముననే పైపైన చల్లుదురు. ఇందొక ప్రమాదము కలదు. ముద్దగానున్న మాంసమున సూక్ష్మక్రిములు సాధారణముగ పైభాగముననే యుండును. తరిగినపుడు అవి లోపలికి కలసిపోవును. కావున బిళ్ల నడిభాగము సైతము 71 డిగ్రీల వేడి నందుకొనవలెను. 1993లో అమెరికాలో సరిగా ఉడకని బర్గరుల మూలమున వందలమంది రోగపీడితులై, నలుగురు పిల్లలు మరణించిరి. ఇంట పసివారికి చేయువారు ఈ సంగతి మరువరాదు.

శాకాహారులు ఉడికిన బంగాళాదుంపలను తడి లేకుండ చిదిమి, బఠానీలు, అల్లము, పచ్చిమిరప చేర్చి బిళ్లలు చేసి, పలుచని మైదాజావలో ముంచి, రొట్టెపొడిలో పొరలించి, నూనెలో వేయింతురు. మన ఆలుబొండాకు ఇది దాయాదియే. తడి మిగిలినచో బిళ్ల నూనెలో విచ్చిపోవును. క్రింది బన్నుపై ఆకుకూర, ఉల్లి, టొమాటో చక్రములు పరచి, వానిపై వేడిబిళ్ల నుంచి, పైబన్ను మూసి, వెంటనే తినవలెను. ఆలసించినచో రొట్టె నాని చేతిలోనే జారిపోవును.