ఓడిపోయే టీమ్.. అయినా స్టేడియం నిండింది! ఓక్లాండ్ బేస్‌బాల్ ఫ్యాన్స్ చేసిన ‘రివర్స్ బాయ్‌కాట్’ కథేంటంటే..?

టీమ్ బాగా ఆడితే జనం వస్తారు. చెత్తగా ఆడితే రారు. ఏ ఆటకైనా ఇదే లెక్క. కానీ 2023 జూన్ 13న అమెరికాలోని ఓక్లాండ్‌లో ఈ లెక్క తిరగబడింది.

ఆ ఊరి బేస్‌బాల్ టీమ్ పేరు అథ్లెటిక్స్. ఫ్యాన్స్ ముద్దుగా ‘ఏస్’ అంటారు. ఆ సీజన్‌లో మొదటి 62 మ్యాచ్‌ల్లో ఏకంగా 50 ఓడిపోయింది. అంతకు ముందు నెలలో ఓ మ్యాచ్‌కు వచ్చింది కేవలం 2,064 మంది. అలాంటి టీమ్ ఆడుతున్న మంగళవారం రాత్రి మ్యాచ్‌కు 27,759 మంది వచ్చారు. చాలామంది ఒంటి మీద ఒకే రకం ఆకుపచ్చ టీషర్ట్. దాని మీద ఒక్కటే మాట.. ‘సెల్’. అంటే, ‘అమ్మెయ్’ అని. ఓనర్‌ను ఉద్దేశించి రాసిన మాట అది.

అసలు వీళ్లకు ఆ కోపం ఎందుకు? ఇంత కోపం ఉన్నవాళ్లు మ్యాచ్‌కు రావడం మానేయాలి కదా, టికెట్ కొని మరీ ఎందుకొచ్చారు? ఇది అర్థం కావాలంటే ముందు బేస్‌బాల్ ఫ్యాన్ జీవితం ఎలా ఉంటుందో తెలియాలి.

ఆరు నెలలు.. 162 మ్యాచ్‌లు

మనకు ఐపీఎల్ అంటే రెండు నెలల పండగ. లీగ్ దశలో ఒక్కో టీమ్‌కు 14 మ్యాచ్‌లు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్కో టీమ్ ఆడేది 162 మ్యాచ్‌లు! మార్చి చివర్లో మొదలైతే సెప్టెంబర్ చివరి దాకా దాదాపు రోజూ ఆటే. సగం, అంటే 81 మ్యాచ్‌లు సొంత ఊళ్లో. మిగతా సగం ఊళ్లు తిరుగుతూ. ఆ తర్వాత 30 టీమ్‌ల్లో 12 మాత్రమే అక్టోబర్‌లో జరిగే ప్లేఆఫ్స్‌కు వెళ్తాయి.

అందుకే బేస్‌బాల్ ఫ్యాన్‌కు మ్యాచ్ అంటే ప్రత్యేకమైన ఈవెంట్ కాదు. డైలీ సీరియల్ లాంటిది. వంట చేస్తూ రేడియోలో కామెంటరీ వినడం, ఆఫీస్ నుంచి వస్తూ కార్లో స్కోర్ చూసుకోవడం.. ఇలా రోజువారీ పనుల్లో కలిసిపోతుంది. ఓటమికి కూడా అలవాటు పడాల్సిందే. టాప్ టీమ్ అయినా సీజన్‌లో 60 మ్యాచ్‌లు ఓడటం మామూలే. నిన్న ఓడిపోతే ఇవాళ మళ్లీ ఆట ఉంటుంది.. అదే ధైర్యం.

ఇంకో అలవాటు గురించి చెప్పుకోవాలి. స్టేడియంలో కొందరు పెద్దవాళ్లు ఒడిలో కాగితం, చేతిలో పెన్సిల్ పెట్టుకుని కనిపిస్తారు. వాళ్లు స్కోర్ రాసుకుంటున్నారన్నమాట. బేస్‌బాల్‌లో ఒక్కో ఫీల్డింగ్ స్థానానికి ఒక్కో నంబర్ ఉంటుంది. పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3.. ఇలా. కాగితం మీద 6-4-3 అని కనిపిస్తే, షార్ట్‌స్టాప్ బంతి అందుకుని సెకండ్ బేస్‌కు విసిరాడు, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కు వెళ్లింది, ఒకే బంతికి ఇద్దరు ఔట్ అని అర్థం. మూడు స్ట్రైక్‌లకు ఔటైతే ‘కె’ అని రాస్తారు. బ్యాట్ కదపకుండా నిలబడి ఔటైతే అదే అక్షరాన్ని తిరగేసి రాస్తారు! ఫోన్‌లో ప్రతి బంతి లెక్కా దొరికే ఈ రోజుల్లోనూ ఇలా రాసుకునేవాళ్లు ఉన్నారంటే, వాళ్లకు కావాల్సింది స్కోర్ కాదు.. ఆ రోజు తాము అక్కడ ఉన్నామనే గుర్తు.

ఇలా ఏళ్ల తరబడి అల్లుకున్న బంధాన్ని ఒక్క ప్రకటనతో తెంచేస్తే? ఓక్లాండ్‌లో జరిగింది అదే.

నాలుగు కప్పులు, ఒక సినిమా

ఏస్ చిన్నాచితకా టీమ్ కాదు. 1901లో ఫిలడెల్ఫియాలో మొదలై, 1955లో కాన్సస్ సిటీకి మారి, 1968లో ఓక్లాండ్‌కు వచ్చింది. అంటే ఓక్లాండ్ కూడా ఈ టీమ్‌ను ఇంకో ఊరి నుంచి తెచ్చుకున్నదే. ఈ మాట అక్కడి ఫ్యాన్స్‌తో అంటే మాత్రం ఊరుకోరు! 1972, 73, 74ల్లో వరుసగా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచింది. 1989లో మరొకటి. ఆ ఏడాది ఫైనల్ పక్కూరు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో. మూడో మ్యాచ్ మొదలయ్యే ముందు భారీ భూకంపం వచ్చింది. పది రోజుల తర్వాత కానీ ఆట మళ్లీ మొదలవలేదు.

బ్రాడ్ పిట్ నటించిన ‘మనీబాల్’ సినిమా చూశారా? అది ఈ టీమ్ కథే. 2002లో తక్కువ బడ్జెట్‌తో, లెక్కలు చూసి ఆటగాళ్లను ఎంచుకుని వరుసగా 20 మ్యాచ్‌లు గెలిచారు. ఆ సినిమా చూసినవాళ్లకు అది తెలివైన మేనేజర్ గెలుపు కథ. ఓక్లాండ్ ఫ్యాన్స్‌కు మాత్రం ఇంకో కోణం కూడా ఉంది. పెంచి పెద్ద చేసిన ప్రతి స్టార్‌నూ ఇంకో టీమ్ ఎక్కువ డబ్బులిచ్చి ఎగరేసుకుపోయేది. వీళ్లు కొత్త కుర్రాళ్లతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది.

ఇక స్టేడియం. బే ఏరియాలో ఉంటున్న మన తెలుగువాళ్లకు దీన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలు ఎక్కి ఓక్లాండ్ వైపు వెళ్తుంటే ‘కొలీజియం’ అనే స్టేషన్ వస్తుంది కదా.. దాని పక్కన కనిపించే పెద్ద కాంక్రీట్ గిన్నె లాంటిదే. 1966లో కట్టారు. కాలం గడిచేకొద్దీ డ్రైనేజీ నీళ్లు డ్రెస్సింగ్ రూమ్‌లోకి రావడం, పిల్లులు తిరగడం లాంటి వార్తలతోనే ఎక్కువగా కనిపించింది. కొత్త స్టేడియం కావాలని టీమ్ చాలా ఏళ్లు ప్రయత్నించింది. ఒక దశలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఆ ఫ్రీమాంట్‌లోనే కట్టాలని ప్లాన్ వేసి 2009లో వదిలేశారు. శాన్‌హోసే అనుకుంటే ఆ ఏరియా హక్కులు మావని జెయింట్స్ అడ్డుపడింది. చివరికి ఓక్లాండ్ పోర్టు దగ్గర భారీ ప్రాజెక్ట్ అన్నారు. దాని మీద చర్చలు నడుస్తుండగానే, 2023 ఏప్రిల్‌లో లాస్ వెగాస్‌లో స్థలం చూసుకున్నామని టీమ్ ప్రకటించేసింది.

వెళ్తే ఓనర్‌కు డబ్బు.. వెళ్లకపోతే ఓనర్‌కు సాకు

టీమ్ ఓనర్ జాన్ ఫిషర్. బట్టల కంపెనీ ‘గ్యాప్’ పెట్టిన దంపతుల కొడుకు. 2005 నుంచి టీమ్ ఆయన గ్రూప్ చేతిలో ఉంది. ఫ్యాన్స్ ఆరోపణ ఏంటంటే.. స్టార్ ప్లేయర్లను ఒక్కొక్కరిగా పంపించేశారు, టికెట్ రేట్లు పెంచారు, ఆ తర్వాత స్టేడియం ఖాళీగా ఉందని చూపించి ‘ఈ ఊళ్లో మాకు ఆదరణ లేదు’ అంటున్నారు అని. మాట్ ఓల్సన్, మాట్ చాప్‌మన్ లాంటి వాళ్లను 2022లో సీజన్‌కు ముందే వేరే టీమ్‌లకు ఇచ్చేసిన మాట నిజం. 2023లో లీగ్ మొత్తంలో జీతాల మీద అతి తక్కువ ఖర్చు పెట్టిన టీమ్ ఇదే అన్నదీ నిజం. అలాంటప్పుడు 112 మ్యాచ్‌లు ఓడిపోవడంలో వింతేముంది?

ఇక్కడే ఫ్యాన్స్‌కు అసలు చిక్కు వచ్చిపడింది. మ్యాచ్‌కు వెళ్తే టికెట్ డబ్బులు తాము తిడుతున్న ఓనర్ జేబులోకే వెళ్తాయి. వెళ్లడం మానేస్తే, ‘చూశారా, ఎవరూ రావట్లేదు’ అనే ఆయన వాదన నిజమైపోతుంది. పైగా బేస్‌బాల్‌లో ప్రకటించే హాజరు అంటే సీట్లో కూర్చున్నవాళ్ల సంఖ్య కాదు, అమ్ముడుపోయిన టికెట్ల సంఖ్య.

దీనికి ఓ అభిమాని చెప్పిన ఐడియానే రివర్స్ బాయ్‌కాట్. అందరూ మానేయడం కాదు, ఒకే రోజు అందరూ వెళ్దాం అని. ఫ్యాన్ గ్రూపులు చందాలు వేసుకుని వేలాది టీషర్టులు కొట్టించి ఉచితంగా పంచాయి. ఆ రాత్రి ఐదో ఇన్నింగ్స్ మొదలవగానే స్టేడియం అంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. మొదటి బ్యాటర్ ఆట అయ్యేదాకా ఎవరూ నోరు మెదపలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా ‘టీమ్‌ను అమ్మెయ్’ అంటూ హోరు. అన్నేళ్లు ఖాళీ కుర్చీలు చూపించిన టీవీ కెమెరాలు ఈసారి ఇది చూపించక తప్పలేదు. మ్యాచ్ కూడా సినిమాలాగే నడిచింది. అప్పటికి లీగ్‌లో టాప్‌లో ఉన్న టాంపా బే రేస్‌ను 2-1తో ఓడించి ఏస్ వరుసగా ఏడో విజయం కొట్టింది!

అయితే అదే రోజు ఇంకో చోట ఇంకో పని జరిగిపోయింది. వెగాస్ స్టేడియానికి 38 కోట్ల డాలర్ల వరకు ప్రజాధనం ఇచ్చే బిల్లును నెవాడా సెనేట్ పాస్ చేసింది. రెండు రోజుల్లో గవర్నర్ సంతకం కూడా అయిపోయింది. ఫ్యాన్స్ నిరసన గురించి లీగ్ కమిషనర్ రాబ్ మన్‌ఫ్రెడ్‌ను అడిగితే, ఒక్క రాత్రికి దాదాపు సగటు మేజర్ లీగ్ మ్యాచ్ అంత జనం కనిపించడం బాగుందన్నారు. వెటకారం ఎవరికైనా అర్థమవుతుంది. ఆ రాత్రి టికెట్ల డబ్బు 8 లక్షల డాలర్లకు పైగా టీమ్ స్థానిక ఫుడ్ బ్యాంక్‌కు, స్కూళ్ల నిధికి ఇచ్చేసింది. అయినా ఫ్యాన్స్ మనసు కరగలేదు.

2023 నవంబర్‌లో లీగ్ ఓనర్లంతా ఓటేశారు. టీమ్ మారాలంటే నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకుంటే చాలు. ఇక్కడ ముప్పైకి ముప్పై ఓట్లూ పడ్డాయి. ఒక్కరు కూడా వద్దనలేదు.

మనకు దగ్గరి ఉదాహరణ అంటే డెక్కన్ ఛార్జర్స్. 2009లో కప్పు కొట్టిన టీమ్ 2012లో రద్దైపోయింది. కానీ తర్వాతి సీజన్‌కే సన్‌రైజర్స్ రూపంలో హైదరాబాద్‌కు మళ్లీ టీమ్ వచ్చింది. రంగు మారింది, ఊరు మారలేదు. ఓక్లాండ్‌కు ఆ అదృష్టం లేదు. పైగా ఇది మొదటి దెబ్బ కూడా కాదు. 2019లో బాస్కెట్‌బాల్ టీమ్ వారియర్స్ శాన్‌ఫ్రాన్సిస్కోకు, 2020లో ఫుట్‌బాల్ టీమ్ రైడర్స్ వెగాస్‌కు వెళ్లిపోయాయి. మిగిలింది ఏస్ ఒక్కటే.

ఆఖరి సీజన్‌ను ఎలా చూడాలి?

2024 మార్చి 28. ఓక్లాండ్‌లో చివరి సీజన్ మొదటి మ్యాచ్. చాలామంది ఫ్యాన్స్ వచ్చారు కానీ లోపలికి వెళ్లలేదు. పార్కింగ్‌లోనే గుమిగూడి, డ్రమ్స్ కొట్టి, వండుకుని తిని, జెండాలు ఊపి వెళ్లిపోయారు. లోపల టీమ్ 8-0తో ఓడింది. వారం తిరిగేసరికి ఇంకో వార్త. వెగాస్ స్టేడియం రెడీ అయ్యేదాకా టీమ్ 2025 నుంచి శాక్రమెంటోలో ఆడుతుందని. అది ఓక్లాండ్‌కు 130 కిలోమీటర్ల దూరం. 14 వేల మంది పట్టే చిన్న లీగ్ మైదానం. ‘ఇక్కడే ఉండొచ్చు కదా’ అని ఫ్యాన్స్ అడిగిన ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు రాలేదు.

అక్కడి నుంచి ఒక్కో ఫ్యాన్ ఒక్కో దారి ఎంచుకున్నారు. ఒక్క డాలర్ కూడా ఇవ్వనని రేడియోకే పరిమితమైనవాళ్లు కొందరు. ఓనర్ సంగతి పక్కనపెట్టి, నాన్నతో కూర్చున్న సీట్లో చివరిసారి కూర్చుందామని వెళ్లినవాళ్లు కొందరు. వీళ్లలో ఎవరిది తప్పు అనడానికి లేదు. విచిత్రం ఏంటంటే టీమ్ బాగుపడటం మొదలైంది. ముందు ఏడాది 50 గెలిస్తే ఆ సీజన్‌లో 69 గెలిచింది.

సెప్టెంబర్ 26న కొలీజియంలో చివరి మ్యాచ్. 46,889 మంది. తొలి బంతి విసిరిన ఇద్దరిలో ఒకరు రికీ హెండర్సన్. ఓక్లాండ్‌లోనే పెరిగి, కెరీర్ మొత్తంలో 1,406 బేస్‌లు దొంగిలించిన రికార్డు వీరుడు. మైదానానికి ఆయన పేరే పెట్టారు. టెక్సస్ రేంజర్స్‌పై 3-2తో గెలిచాక మేనేజర్ మార్క్ కోట్సే మైక్ తీసుకుని ఫ్యాన్స్‌కు థ్యాంక్స్ చెప్పి, ‘లెట్స్ గో ఓక్లాండ్’ అని చివరిసారి అందరితో అనిపించాడు. గెలిచిన మ్యాచ్‌కు జనం ఏడ్చారు. మైదానం మట్టిని గుర్తుగా పట్టుకెళ్లారు. మూడు నెలలు తిరక్కుండానే, డిసెంబర్ 20న రికీ 65 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు ఆ ఫ్యాన్స్ ఏం చేస్తున్నారు?

టీమ్ పేరులో ఇప్పుడు ఏ ఊరి పేరూ లేదు. ఉత్త ‘అథ్లెటిక్స్’. శాక్రమెంటోలో 2025 మొదటి మ్యాచ్‌లోనే 18-3తో చిత్తుగా ఓడింది. అయితే నిక్ కర్ట్జ్ అనే కుర్రాడు అదే ఏడాది జులైలో ఒకే మ్యాచ్‌లో నాలుగు హోమ్ రన్‌లు కొట్టి, రూకీ ఆఫ్ ద ఇయర్ అయ్యాడు. పాత ఫ్యాన్‌కు ఇంతకంటే ఇరకాటం ఏముంటుంది? సంతోషపడాలా, ఫోన్ పక్కన పెట్టేయాలా! వెగాస్‌లో 33 వేల సీట్ల స్టేడియం పనులు మొదలయ్యాయి. 2028కి పూర్తి చేయాలన్నది టార్గెట్.

ఓక్లాండ్‌లో మాత్రం ఇద్దరు స్థానికులు కలిసి ‘బాలర్స్’ అనే కొత్త టీమ్ పెట్టారు. మేజర్ లీగ్ కాదు, పయనీర్ లీగ్ అనే చిన్న స్వతంత్ర లీగ్. వెస్ట్ ఓక్లాండ్‌లోని రైమండి పార్క్‌ను బాగుచేసుకుని 2024 జూన్‌లో అక్కడ ఆట మొదలుపెట్టారు. టీమ్‌లో కొంత వాటాను నేరుగా ఫ్యాన్స్‌కే అమ్మారు. ఇంకో ఓనర్ ఇలా ఎత్తుకుపోకూడదనే. రెండో సీజన్‌లోనే, 2025 సెప్టెంబర్‌లో, ఆ టీమ్ లీగ్ టైటిల్ గెలిచింది. 1989 తర్వాత ఓక్లాండ్‌కు వచ్చిన మొదటి బేస్‌బాల్ కప్పు అది.