పైలట్‌కు చెప్పకూడని సంగతి

‘‘ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా మబ్బు పట్టిందని రానంటే ఇక ఆ హెలికాప్టర్ దేనికండీ?’’ అని ఒక పాఠకుడు నిలదీశారు. రిషీకేశ్ ఎయిమ్స్‌లో 2024 అక్టోబరులో మొదలైన ‘సంజీవని’ హెలికాప్టర్ అంబులెన్స్ గురించి చదివాక ఆయనకు వచ్చిన కోపమిది. ఒక్క ముక్కలో జవాబు చెప్పేయొచ్చు. కానీ ఆ జవాబుకు దారి మన చెవిలోంచి పోతుంది, అది నాకు మహా ఇష్టమైన దారి.

ముందొక వింత. అమెరికాలో చాలాచోట్ల ఫోను రాగానే పైలట్‌కు చెప్పేది ఎక్కడినుంచి ఎక్కడికి అన్నంతవరకే. రోగి పసిబిడ్డా, ముసలాయనా, ఏమైంది అన్నది చెప్పరు. వాతావరణం చూసి వెళ్లగలనో లేదో ఆయన తేల్చాకే మిగతా కథ. కఠినంగా ఉంది కదూ? పసిబిడ్డ అని తెలిస్తే మబ్బు కాస్త పల్చగా కనిపిస్తుంది మరి.

ఆ మబ్బులోకి వెళితే ఏమవుతుంది?

మజ్జిగ గ్లాసులో ఒక కరివేపాకు వేసి, గ్లాసును మెల్లగా తిప్పండి. గ్లాసు తిరుగుతుంది, ఆకు ఉన్నచోటే ఉంటుంది. తిప్పుతూనే ఉండండి, కాసేపటికి ఆకూ గ్లాసుతోపాటే తిరుగుతుంది. ఠక్కున ఆపండి, గ్లాసు ఆగినా ఆకు ఆగదు. లోపలి చెవిలోని మూడు అర్ధవర్తుల కుల్యల్లో జరిగేదీ ఇదే. వాటిలో ద్రవం ఉంటుంది, దానికి అడ్డంగా జెల్లీలాంటి చిన్న తెర. తల తిరిగితే ద్రవం వెనకబడుతుంది, తెర వంగుతుంది, దాని అడుగునున్న రోమకణాలు ‘తిరుగుతున్నాం’ అని మెదడుకు కబురు పెడతాయి. ఒకే వేగంతో తిరుగుతూ పోతే పది ఇరవై సెకన్లలో ద్రవం అందుకుంటుంది, తెర నిటారుగా నిలబడుతుంది, కబురు ఆగిపోతుంది. ఒప్పులకుప్ప ఆడి ఆగిన పిల్లలకు వాకిలంతా గిర్రున తిరగడం ఈ ఆకు పనే.

మా మనవణ్ణి తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లకు తువ్వాలు కట్టి, కుడివైపుకు ఒకే వేగంతో తిప్పాను. కాసేపు బొటనవేలు కుడికే చూపించాడు. తరువాత, ఇంకా తిప్పుతుండగానే, ‘‘ఆపేశావేం తాతయ్యా?’’ అన్నాడు. నిజంగా ఆపాక, ‘‘ఇప్పుడు అటు తిప్పుతున్నావేం?’’ అని గోల.

మబ్బులో పైలట్‌దీ ఆ తువ్వాలు కట్టుకున్న పరిస్థితే. యంత్రం మెల్లగా ఒరిగి మలుపు తిరుగుతుంటే చెవి ‘అంతా తిన్నగానే ఉంది’ అంటుంది. మీటర్లు చూసి సరిచేశాడా, ‘అటు ఒరిగిపోతున్నావ్’ అని గగ్గోలు. చెవి మాట విని మళ్లీ మలుపులోకే వెళతాడు. ముక్కు దిగుతుంది, వేగం పెరుగుతుంది, కంగారులో స్టిక్ వెనక్కి లాగితే సుడి ఇంకా బిగుస్తుంది. 1954లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో, మీటర్ల మీద ఆధారపడి నడపడం నేర్వని 20 మందికి బయటేమీ కనబడకుండా చేసి విమానం అప్పగించారు. పక్కన శిక్షకుడు ఉన్నాడు కాబట్టి బతికారు గానీ, ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు. అది విమానం. ఆటోపైలట్ లేని హెలికాప్టర్‌కైతే చేతులు వదిలితే తనంతట తాను నిలకడగా ఎగిరే గుణం కూడా లేదు.

దీన్ని ఒప్పుకోవడానికి పాత పైలట్లకు ఎంత కాలం పట్టిందో! మంచి పైలట్‌కు విమానం ఒరిగితే కూర్చున్నచోటే తెలిసిపోతుందన్నది వాళ్ల గొప్ప. 1926లో అమెరికా సైన్యంలో విలియం ఆకర్ అనే తలపండిన పైలట్‌ను ఒక డాక్టరు, బరానీ అనే శాస్త్రవేత్త పేరుతో పిలిచే తిరిగే కుర్చీలో తిప్పాడు. (చెవి సమతౌల్యం మీద చేసిన పనికి 1914 నోబెల్ వచ్చిందన్న కబురు ఈ బరానీకి అందినప్పుడు ఆయన రష్యాలో యుద్ధఖైదీ.) ఆకర్ మా మనవడిలాగే తప్పాడు. తరువాత ఒక పెట్టెలో జైరోతో పనిచేసే మలుపు సూచిక పెట్టుకుని, దాన్ని మాత్రమే చూస్తూ జవాబులు చెప్పాడు. అన్నీ ఒప్పే.

చెవిని పెట్టెతో గెలవొచ్చు, ఆత్రాన్ని గెలవడమే కష్టం. 2008 సెప్టెంబరులో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో రోడ్డు ప్రమాదంలో గాయపడిన ఇద్దరిని రాత్రిపూట తీసుకెళుతున్న హెలికాప్టర్, వాతావరణం చెడి దారి మళ్లి, దిగబోతూ చెట్లలో కూలింది. ఐదుగురిలో నలుగురు పోయారు. నేల కనబడాలని పైలట్ గబగబా కిందికి దించడమే కారణమని దర్యాప్తు తేల్చింది. అసలు వాళ్లను గాల్లో తీసుకెళ్లాలా అన్న చర్చ రేగింది. ఆ తరువాత, ప్రాణాపాయం స్పష్టంగా కనబడనివాళ్లను ఎక్కించేముందు డాక్టరును అడగాలన్నారు, దాంతో ప్రయాణాలు బాగా తగ్గాయి. ఈ ఆత్రం వెనకున్నది, గాయపడ్డ గంటలోపే చికిత్స అందాలనే ‘గోల్డెన్ అవర్’. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ కౌలీది ఈ రాష్ట్రమే. 2001లో ఇద్దరు పరిశోధకులు వెతికితే, సరిగ్గా గంటే అన్న లెక్కకు ఆధారం దొరకలేదు.

మరి హెలికాప్టర్ అంబులెన్స్ ఉపయోగాలా? రాయకపోతే సంపాదకులు ఊరుకోరు. కొండల్లో, వరదల్లో దీనికి సాటి లేదు. కానీ ఇంజను వేడెక్కాలి, రోగిని ఎక్కించాలి, దించాలి. ఆసుపత్రి 16 కిలోమీటర్ల లోపుంటే రోడ్డు మీది బండే ముందు చేరుతుందని 2005లో ఒక అమెరికా అధ్యయనం లెక్కగట్టింది. అదే ఏడు ఆగస్టు 15న హైదరాబాద్‌లో మన 108 అంబులెన్స్ మొదలైంది. దానికి దారివ్వని మనం ఆకాశంకేసి చూడటమేమిటో!

ఎప్పుడైనా మీ ఊరి పొలంలో హెలికాప్టర్ దిగితే, పైలట్ సైగ చేసేదాకా కదలకండి, చేశాక ముందువైపు నుంచే వెళ్లండి. తోక దగ్గరి చిన్న రెక్క తిరిగేటప్పుడు కంటికి ఆనదు.