హైపాథసిస్ అంటే ఏంటి? మిరప ఆకు ముడతతో అర్థం చేసుకుందాం

సత్తెనపల్లి నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ్టి మాట హైపాథసిస్. చాలామంది 'హైపో థీసిస్' అని రెండు ముక్కలు చేసి పలుకుతారు. అలా కాదు, ఒత్తు 'పా' మీద పడాలి. హై-పా-థ-సిస్. ఇది గ్రీకు నుంచి వచ్చిన మాట. హైపో అంటే కింద, థీసిస్ అంటే పెట్టడం. కింద పెట్టినది, అంటే పునాది లాంటిది. తెలుగు పుస్తకాల్లో పరికల్పన అని రాస్తారు. అందులో 'కల్పన' ఉంది కదా అని ఉత్త ఊహ అనేసుకుంటాం. గొడవంతా అక్కడే.

మన చుట్టుపక్కల మిరప చేలు చూస్తూనే ఉంటారు. ఆకు ముడుచుకుంది అనుకోండి. "ఏదో తెగులు తగిలింది" అంటే అది హైపాథసిస్ కాదు, నిట్టూర్పు! "తామర పురుగు వల్ల ముడుచుకుంది" అంటే హైపాథసిస్. ఎందుకంటే దాన్ని పరీక్ష పెట్టొచ్చు. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. నల్లి అయితే కిందికి, తిరగేసిన పడవలాగా. ఒక తెల్ల కాగితం పట్టి కొమ్మ దులపండి. పురుగు పడలేదు, పైగా ముడత కిందికి ఉంది. అంటే నేను అనుకున్నది తప్పు. అలా తప్పని తేలే దారి ఉంటేనే దాన్ని హైపాథసిస్ అంటాం.

ఇది ఇంగ్లీషు క్లాసు ముచ్చట మాత్రమే కాదండీ. నల్లికి తామర పురుగు మందు కొడితే మందు ఖర్చు, కూలి ఖర్చు, దాంతోపాటు వారం రోజులు పోతాయి. 2021లో మిరప మీద పడ్డ నల్ల తామర పురుగు ఎక్కువగా పూలలో దాక్కుంటుంది. ఆకులు మాత్రమే చూసి "పురుగు లేదు" అనుకుంటే అసలు పరీక్షే జరగనట్టు.

ఇప్పుడు సికింద్రాబాద్ కథ. మలేరియాకి దోమతో సంబంధం ఉందని పాట్రిక్ మాన్సన్ 1894లో ఒక హైపాథసిస్ పెట్టాడు. కానీ ఆయన అనుకున్నది కాటు వల్ల అని కాదు. దోమ చచ్చి నీళ్లలో పడితే, ఆ నీళ్లు తాగినవాళ్లకి వస్తుందని! రొనాల్డ్ రాస్ అలాంటి నీళ్లు నిజంగానే మనుషులకి తాగించి చూశాడు (ఇప్పుడైతే ఎవరూ ఒప్పుకోరు). అది నిలబడలేదు. దోమ సంగతి మాత్రం నిలిచింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, మలేరియా రోగి రక్తం తాగిన దోమ కడుపులో ఆ పరాన్నజీవి కనిపించింది. తర్వాతి ఏడాది కలకత్తాలో పక్షుల మీద ప్రయోగాలు చేసి, కాటు ద్వారానే సోకుతుందని చూపించాడు. 1902లో నోబెల్ వచ్చింది. చూశారా, సగం పోయింది, సగం మిగిలింది.

ఇక వాడకం. ఫామ్ ఎ హైపాథసిస్, టెస్ట్ ఎ హైపాథసిస్, రిజెక్ట్ ఎ హైపాథసిస్. 'ప్రూవ్' అనే మాట సైన్స్ రాతల్లో జాగ్రత్తగా వాడతారు, 'సపోర్ట్' అంటారు. బహువచనం హైపాథసీజ్, స్పెల్లింగ్‌లో చివరి ఐ పోయి ఈ వస్తుంది. హైపోథెటికల్ మాత్రం కొంచెం వేరు: "నీకు కోటి రూపాయలు వస్తే ఏం చేస్తావ్?" లాంటి ఉత్తుత్తి ప్రశ్నకి కూడా వాడతాం.

మీకో పని. ఫోన్‌కి చార్జింగ్ ఎక్కట్లేదు. "కేబుల్ పోయింది" అన్నారు. దీన్ని ఎలా టెస్ట్ చేస్తారో కామెంట్‌లో రాయండి. ఉంటాను మరి.