కావలికుక్కకు రాత్రి పడక

కావలికుక్కను రాత్రివేళ ఊరిమీఁద విడిచిపెట్టుట పల్లెలలో వాడుక. ఇది మంచిది కాదు. వీధిలో పిచ్చికుక్క దానిని కఱచినచో గాయము బొచ్చు చాటున కనఁబడదు. కొన్ని వారములకో, నెలలకో ఆ రోగము మన ముంగిటనే, ఆరుబయట నిద్రించు బిడ్డల చెంతనే బయలుపడును. మూడవ నెలలో టీకా వేయించి ఏటేట మరల వేయింపవలెను. కుక్క ఎవరినైనఁ గఱచినచో పసరు పూయక, గాయమును సబ్బుతోఁ బావుగంట నీటిధారక్రిందఁ గడిగి ఆనాఁడే ఆసుపత్రికిఁ బోవలెను.

కావునఁ జీఁకటిపడఁగానే దొడ్డిలో, వానజల్లు తగులని పంచక్రింద, పొడుగుపాటి గొలుసుతోఁ గట్టుఁడు. కట్టిన కుక్క కావలి కాయదందురు. మొఱుగుటకు గొలుసు అడ్డమా? గడ్డివామిలో మాత్రము పరుండనీయరాదు. దాని మలమునందలి బద్దెపురుగుల గ్రుడ్లు మేఁతతో గొఱ్ఱెల కడుపుఁ జేరి, కాలేయమున నీటితిత్తులు పుట్టించును. పఱచిన గోనెపట్టాను వారమున కొకమాఱు దులిపి యెండవేయుఁడు. లేనిచో గోమారులు చేరును.