సముద్రపు కోతకు ఇల్లు పోతే సాయం వస్తుందా?

మీరు హనుమాన్ జంక్షన్‌లో ఉన్నా, బందరు, నాగాయలంక తీరంలో మీ చుట్టాలుంటే ఇది పంపండి.

తీరం ఎందుకు కోతపడుతుంది? కృష్ణమ్మ తెచ్చే ఒండ్రులో చాలా భాగం శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లోనే ఆగిపోతోంది. కొత్త మట్టి చేరనిచోట అలలు పాత నేలను తినేస్తాయి.

ఇల్లు పోతే? 2022–26 కేంద్ర సాయం నిబంధనల్లో 12 విపత్తులుండేవి. తుపాను, వరద ఉండేవి. సముద్రపు కోత లేదు. తుపానుకు పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో రూ.1,20,000 ఉండేది. అదే ఇల్లు మామూలు రోజుల్లో మెల్లగా కోతకు పోతే ఆ లెక్కలోకి వచ్చేది కాదు.

కోత నిర్వాసితుల పునరావాసానికి 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి దేశం మొత్తానికి రూ.1,000 కోట్లు సిఫారసు చేసింది. అది అడగాల్సింది రాష్ట్రం. విడివిడిగా మనం కాదు.

మీరు చేయాల్సింది: తుపాను దెబ్బకు ఇల్లు పడితే వెంటనే తేదీతో ఫొటో తీయండి, వీఆర్వోకి చెప్పి నష్టం రాయించండి. ఇంటి పన్ను రసీదు, ఆధార్, బ్యాంకు పుస్తకం ముందే ఒక కవర్లో పెట్టుకోండి.